నాన్నగారి ఇంద్రజాల్ కామిక్స్ అమ్మాలి: కండిషన్ ఏమని రాయాలి, ధర ఎలా పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు కుర్రతనంలో కొన్న ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్ అరవై దాకా, తెలుగు అమర్ చిత్ర కథలు కొన్ని ట్రంకు పెట్టెలో బయటపడ్డాయి. ఇల్లు మారుతున్నాం, చోటు చాలదు. అలాగని తూకానికి వెయ్యడానికి మనసొప్పడం లేదు. కొన్నిటికి అట్ట ఊడింది, పిన్నులు తుప్పుపట్టాయి. టేపు వేసి, రాతలు చెరిపి, "మింట్ కండిషన్" (అచ్చం కొత్తదానిలా ఉంది) అని పెట్టేయొచ్చా? నాన్నగారు కూడా అమ్మేయమనే అన్నారు.

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ టేపు పక్కన పడెయ్. సెల్లోటేపు కొన్నాళ్లకి పచ్చబడుతుంది, జిగురు కాగితంలోకి దిగిపోతుంది. తర్వాత పీకినా మరక పోదు. ఊడిన అట్టని ఊడినట్టే పుస్తకంతో కలిపి ఉంచితే కొనేవాళ్లు తీసుకుంటారు, టేపేసినదాన్ని పక్కన పెడతారు. లామినేషన్ జోలికైతే అసలు వెళ్లకు.

ఇప్పుడు ఒక్కో పుస్తకం తీసి పేజీలు లెక్కపెట్టు. తుప్పు పట్టిన పిన్ను దగ్గర కాగితం గోధుమరంగుకి తిరిగి, పెళుసుబారి, మధ్య కాగితమే ముందు ఊడుతుంది. అలా ఊడి ఎక్కడో పోయిందేమో చూడు. మధ్య పేజీలు లేకపోతే అట్ట ఎంత మెరుస్తున్నా దాని ధర పడిపోయినట్టే. చెదలు తిన్న అంచులు, చెమ్మ మచ్చలు, కూపన్ కత్తిరించిన చోటు, అన్నీ రాసుకో. కలిపి బైండు చేయించినవి ఉంటే విప్పకు. బైండింగ్ వాళ్లు అంచులు కోసే ఉంటారు, విప్పితే రెండో దెబ్బ.

"మింట్" అనే మాట వాడొద్దు. కామిక్స్ కండిషన్‌కి అమెరికా వాళ్లు వాడే కొలత 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. అందులో "గుడ్" అంటే 2.0 మాత్రమే, "ఫైన్" 6.0, "నియర్ మింట్" 9.4. మన ఎండకీ వానకీ తట్టుకుని ట్రంకు పెట్టెలో మిగిలినవాటిలో 6 దాటేవి అరుదు. అంకెలు వెయ్యకుండా లోపాలు ఉన్నదున్నట్టు చెప్పి, ముందు అట్ట, వెనక అట్ట, పిన్నులు, మధ్య పేజీ ఫొటోలు పెట్టు. నామటుకు నేను అలా రాసినవాళ్ల దగ్గరే కొంటాను. అమెరికాకి పంపి కండిషన్‌కి అంకె వేయించి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించడం వీటికి దండగ.

అడిగినవారు:
చాలా థాంక్సన్నా. కొన్నిటి మీద అద్దె పుస్తకాల షాపు స్టాంపు ఉంది. మరి వీటిలో విలువైనవేవో ఎలా తెలుస్తుంది?

జవాబు:
స్టాంపు చెరపకు. రుద్దితే అట్ట రంగు లేచిపోతుంది. స్టాంపు ఉందని రాస్తే చాలు.

ఇంద్రజాల్ 1964 మార్చిలో ముసుగు వీరుడు ఫాంటమ్ కథతో మొదలై 1990లో ఆగిపోయింది. మొదటి 32 సంచికలూ ఫాంటమే. అందుకే చిన్న నంబర్లకి గిరాకీ ఎక్కువ. వాటిని విడిగా తియ్యి. 1976లో మొదలైన మన దేశపు హీరో బహదూర్ కథలకీ అభిమానులున్నారు. ఎనభైల నాటివి పది, పదిహేను కలిపి ఒక లాటుగా ఇచ్చెయ్.

అమర్ చిత్ర కథ సంగతి వేరు. 1967 నుంచి రీప్రింట్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి కథ పాతదైనంత మాత్రాన పుస్తకం పాతది కాదు. లోపల ప్రచురణకర్త వివరాలు, అట్ట మీది ధర చూడు. ఇండియా బుక్ హౌస్ అని ఉంటే పాత ముద్రణ. ఏసీకే మీడియా అని ఉంటే 2007 తర్వాతది, మామూలు సెకండ్‌హ్యాండ్ రేటే.

మరొకరి జవాబు:
బాబూ, ధర గురించి నా మాట. ఆన్‌లైన్లో వేలకి వేలు పెట్టి ఏళ్ల తరబడి అమ్ముడుపోనివి బోలెడు. అడిగే ధర చూసి ఆశపడకు, అమ్ముడైపోయినవాటి ధరలు వెతుకు. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లకి ఇస్తే పని త్వరగా తెములుతుంది గానీ, వాళ్లు మళ్లీ లాభానికి అమ్ముకోవాలి కదా, సగం కూడా రాదు. నేరుగా సేకరించేవాళ్లకి ఇవ్వడమే మేలు.

డబ్బు పంపుతున్నానని చెప్పి యూపీఐ పిన్ కొట్టమంటే ఫోన్ పెట్టెయ్. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పార్సిల్‌కి ఒక్కో పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైనా కిందా పుస్తకం కంటే కాస్త పెద్ద గట్టి అట్టముక్కలు వేసి, మూలలు వంగకుండా కట్టు. టేపు ఆ అట్టముక్కలకే, పుస్తకానికి తగలకూడదు.

ముందు నంబర్ల లిస్టు ఇక్కడ పెట్టు. 100 లోపువి ఉంటే ఎవరికీ మాటివ్వకుండా ఫొటోలు చూపించు, చూసి చెబుతాం.