స్లీవా, బైపాసా? ఇద్దరు సర్జన్లు రెండు రకాలుగా చెప్పారు, చేయించుకున్నవాళ్లు సలహా ఇవ్వండి

మాధవి_ఎస్

అందరికీ నమస్కారం. నా వయసు 41, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 42. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. మాత్రలతో పాటు రాత్రిపూట ఇన్సులిన్ కూడా వేసుకుంటున్నాను. దానికి తోడు గుండెల్లో మంట. యాసిడ్ మాత్ర వేసుకోకుండా పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతుదాకా వస్తాయి. డైటింగులు, నడకలు, జిమ్ములు అన్నీ అయ్యాయి. తగ్గిందంతా మళ్లీ వచ్చేసింది. బరువు తగ్గే సర్జరీ చేయించుకోవాలని గట్టిగానే అనుకున్నాను.

చిక్కల్లా ఏది చేయించుకోవాలన్న దగ్గరే. మొదటి సర్జన్ స్లీవ్, అంటే పొట్టను కత్తిరించి చిన్నది చేసే ఆపరేషన్, చేద్దామన్నారు. పేగుల జోలికి వెళ్లే పని లేదు, తొందరగా అయిపోతుందన్నారు. ఇంకొకరి మాట కూడా విందామని వెళితే, పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే బైపాసే మీకు సరైనదని ఆయన అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మావారేమో మినీ బైపాస్ అని మరొకటి ఉందట, దాని సంగతీ కనుక్కోమంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మీరు ఏది చేయించుకున్నారు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారు, కొన్నేళ్లు గడిచాక ఇప్పుడెలా ఉన్నారు? ఎన్ని కిలోలు తగ్గారన్నదాని కంటే ఇవే నాకు ముఖ్యం.

శ్రీధర్_కె

మాధవి గారూ, నాది స్లీవ్. చేయించుకుని చాలా ఏళ్లయింది. నాకు షుగర్ లేదు, మంట లేదు. కీళ్లవాతం ఉంది, నొప్పి మాత్రలు తరచూ వాడాలి. నా విషయంలో అదే తేల్చేసింది. బైపాస్‌లో పొట్టనూ పేగునూ కలిపి కుట్టినచోట పుండు పడే ప్రమాదం ఉంటుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, సిగరెట్లు ఆ ప్రమాదాన్ని బాగా పెంచుతాయి. అందుకని బైపాస్ తర్వాత ఆ మాత్రలకు దూరంగా ఉండాలంటారు. నాకది కుదిరే పని కాదు.

స్లీవ్‌లో పొట్టను నిలువుగా కత్తిరించి 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. మొదటి ఏడాది నాకు అసలు ఆకలే తెలిసేది కాదు. తర్వాత మెల్లగా మళ్లీ మొదలైంది, కొంత బరువు కూడా తిరిగొచ్చింది. అయినా మెట్లెక్కగలుగుతున్నాను, నేల మీద కూర్చుని లేవగలుగుతున్నాను. నాకు అది చాలు. కానీ తీసేసిన పొట్టను మళ్లీ పెట్టలేరు కదా. మీకు మంట ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు నన్ను చూసి స్లీవ్ వైపు మొగ్గకండి.

లలిత_పి

మాధవి గారూ, మీ పోస్టు చదువుతుంటే నా కథే చదువుతున్నట్టుంది. నాకూ ముందునుంచీ మంట ఉండేది, మీ అంత కాదు, అప్పుడప్పుడు. ఆ సంగతి చెప్పినా ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం వేసి లోపల చూసే పరీక్ష) చేయకుండానే స్లీవ్ చేశారు. బరువు బాగా తగ్గింది. మొదట్లో అంతా సంతోషమే.

రెండో ఏడాది నుంచి మంట ముదిరింది. తలగడలు ఎత్తు పెట్టుకుని దాదాపు కూర్చునే నిద్రపోయేదాన్ని. ముందుకు వంగితే నోట్లోకి పులుపు, రాత్రంతా పొడిదగ్గు. మాత్ర డోసు రెట్టింపు చేసినా ఆగలేదు. చివరికి వేరేచోట ఎండోస్కోపీ చేయిస్తే అన్నవాహిక లోపలి పొర బాగా ఒరుసుకుపోయిందని తేలింది. ఆ డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు: స్లీవ్ తర్వాత మిగిలే గొట్టం ఇరుకు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, తిన్నది సర్దుకోవడానికి సాగే పై భాగం తీసేశారు, అన్నవాహిక పొట్టతో కలిసేచోట ఉండే సహజమైన వంపు కూడా మారిపోతుంది. ఇక యాసిడ్ పైకి తన్నకుండా ఆపేది ఏముంటుంది?

స్లీవ్‌ను బైపాస్‌గా మార్చారు. మంట పోయింది, నిజంగానే పోయింది. కానీ ఒకసారి కోసి కుట్టినచోట మళ్లీ ఆపరేషన్ అంటే మొదటిసారంత తేలిక కాదు. లోపల అన్నీ అతుక్కుని ఉంటాయి, లీకయ్యే ప్రమాదమూ ఎక్కువే. కోలుకోవడానికి కూడా ఎక్కువ సమయం పట్టింది. చెల్లెమ్మా, స్లీవా బైపాసా అన్నది తర్వాత, ముందు ఎండోస్కోపీ చేయించుకో. అది చూడకుండా స్లీవ్ చేస్తామనే చోట సంతకం పెట్టొద్దు.

వసంత_నర్స్

బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే సర్జరీల వార్డులో పనిచేస్తాను. లలిత గారికి జరిగింది అరుదేం కాదు. స్విట్జర్లాండ్‌లో రెండు సర్జరీలనూ పోల్చిన ఎస్ఎం-బాస్ అనే అధ్యయనం ఫలితాలు 2018లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మంట దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టుంది. ముందే మంట ఉన్నవాళ్లలో అది ఇంకా ముదిరింది స్లీవ్ వైపు 31.8 శాతం మందికి, బైపాస్ వైపు 6.3 శాతం మందికి. ఫిన్లాండ్‌లో చేసిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. ఎండోస్కోపీలో అన్నవాహిక వాపు కనిపించినవాళ్లు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం.

షుగర్ సంగతికొస్తే, అమెరికాలో జరిగిన స్టాంపీడ్ అధ్యయనం 2017లో ఐదేళ్ల లెక్క చెప్పింది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 లేదా అంతకంటే తక్కువకు దిగినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులతోనే నెట్టుకొచ్చినవాళ్లలో 5 శాతం. అంటే షుగర్ ఒక్కదాన్నే చూస్తే స్లీవ్ పనికిరాదని ఎవరూ అనలేరు. మాధవి గారి విషయంలో షుగరూ మంటా రెండూ కలిసి ఉన్నాయి, అందుకే రెండో సర్జన్ బైపాస్ అని ఉంటారు.

ఇంకో సంగతి. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లయి, ఇన్సులిన్ దాకా వచ్చాక అది పూర్తిగా పోయే అవకాశం తగ్గుతూ వస్తుంది. బాగా అదుపులోకి వస్తుందని అనుకోండి, పోతుందని మాత్రం గట్టిగా ఆశ పెట్టుకోకండి.

రాజారావు_బీ

బైపాస్ వాణ్ణి. మీకంటే పాత షుగర్ నాది. ఇన్సులిన్ ఆగిపోయింది, ఒక మాత్ర మిగిలింది. వసంత గారు చెప్పినట్టు పూర్తిగా పోలేదు. కానీ రోజూ సూది వేసుకునేవాడికి ఒక్క మాత్ర అంటే ఎంత హాయో మీకు తెలుసు.

ఇందులో పొట్ట పైభాగాన్ని 30 మిల్లీలీటర్ల సంచిలా వేరు చేసి చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది మిగతా పొట్టనూ పేగు మొదటి భాగాన్నీ తప్పించుకుని నేరుగా కిందికి దిగుతుంది. దానివల్ల పేగుల్లో షుగర్‌ను దించే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయట. బరువు పెద్దగా తగ్గకముందే షుగర్ దిగడం మొదలైంది నాకు.

ఇబ్బందులు కూడా రాయాలి. తీపి ఎక్కువ తిన్నానంటే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. డంపింగ్ అంటారు. నాకు అది మేలే చేసింది, తీపి దానంతటదే తగ్గింది. కొందరికి భోజనం అయిన గంట నుంచి మూడు గంటల్లోపు షుగర్ మరీ కిందికి పడిపోతుంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మద్యం చాలా త్వరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ల ముప్పు కూడా పెరుగుతుంది, నీళ్లు బాగా తాగాలి.

అన్నిటికంటే ముఖ్యంగా ఇది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. ఎన్నేళ్లు గడిచినా సరే, ఉన్నట్టుండి కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే ఇంట్లో కూర్చోకూడదు. పేగులు లోపలి సందుల్లో ఇరుక్కునే ప్రమాదం బైపాస్‌లో ఉంది. ఎమర్జెన్సీకి వెళ్లగానే మొదటి మాటగా ‘నాకు బైపాస్ అయింది’ అని చెప్పాలి. అది కూడా బరువు తగ్గే బైపాస్ అని విడమరిచి చెప్పాలి, లేకపోతే గుండెదనుకుంటారు.

భాస్కర్_ఎన్

మినీ బైపాస్ మా ఆవిడకు అయింది కాబట్టి చెబుతున్నాను. మామూలు బైపాస్‌లో రెండుచోట్ల కలిపి కుడతారు, ఇందులో ఒక్కచోటే. సంచి పొడుగ్గా ఉంటుంది. ఆపరేషన్ సమయం తక్కువ. బరువు, షుగర్ రెండూ బాగానే దిగాయి. అయితే పైత్యరసం పొట్టలోకి, ఒక్కోసారి అన్నవాహికలోకి ఎగదన్నే అవకాశం ఉంటుంది. మా ఆవిడకు ఆ బాధ రాలేదు. విరేచనాలు మాత్రం చాన్నాళ్లు వేధించాయి, ఐరన్ ఇప్పటికీ తక్కువే. యొమెగా అనే ఫ్రెంచి అధ్యయనంలో కూడా రెండేళ్లకు బరువు తగ్గడం మామూలు బైపాస్‌తో సమానంగానే ఉందని, విరేచనాలు, పోషకాల లోపాలు దీంట్లో ఎక్కువని 2019లో తేలింది. మీకు ముందే మంట ఉంది కాబట్టి సర్జన్‌ను ఈ ఒక్క ప్రశ్న మీదే గట్టిగా అడగండమ్మా.

ఉష_జీ

పొట్ట పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ గురించి ఎవరైనా చెబితే వద్దనండి. నాకు చాలా ఏళ్ల కిందట వేశారు, జారిపోయింది, తీయించుకున్నాను. ఇప్పుడు చాలాచోట్ల వేయడమే మానేశారు.

అనిల్_వి

ఇప్పుడు బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వచ్చాయి కదా, అవి వాడకుండా కోయించుకోవడం ఎందుకు? పొట్టలో పెట్టే బెలూన్ కూడా ఉంది.

వసంత_నర్స్

అనిల్ గారూ, మంచి మందులే. చాలామందికి బాగా పనిచేస్తున్నాయి. అయితే ఆపేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుంది, అంటే ఏళ్ల తరబడి వాడుతూ ఉండాలి. బెలూన్ సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు. బీఎంఐ 42, షుగర్ ఉన్న మనిషికి సర్జరీ వైపు వెళ్లడం తొందరపాటేమీ కాదు. 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా సర్జరీ సూచించవచ్చు.

డ్యుయోడినల్ స్విచ్, సాడీ అన్న వేరే రకం సర్జరీల పేర్లు కూడా వినే ఉంటారు. బరువు అన్నిటికంటే ఎక్కువ తగ్గేది వాటితోనే, విటమిన్ల లోపాలూ ఎక్కువే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో పాటే ఒంటికి పట్టాలి కాబట్టి అవి బాగా పడిపోతాయి. రెండింటిలోనూ ముందు పొట్టను స్లీవ్‌లా చేస్తారు, కాబట్టి మంట ఉన్న మాధవి గారికి ఆ దారి నేను చెప్పను.

మాధవి_ఎస్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. లలితక్కా, మీరు చెప్పినట్టే ఎండోస్కోపీ చేయించుకున్నాను. అన్నవాహికలో వాపు ఉంది, హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) కూడా ఉందట. ఆ రిపోర్టు పట్టుకుని మొదటి సర్జన్ దగ్గరికే వెళ్లాను. ఆయన చూసి, ఇది ఉంటే నేనూ బైపాసే చెబుతానన్నారు. నొప్పి మాత్రలు నాకు పెద్దగా అవసరం లేదు, సిగరెట్, మందు అలవాటు లేవు. బైపాస్‌కే ఒప్పుకున్నాను. ఆపరేషన్‌కు ముందు లివర్ సైజు తగ్గడానికి రెండు వారాలు తక్కువ క్యాలరీల డైట్ ఇచ్చారు. నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూసే పరీక్ష కూడా చేయమన్నారు.

ఇప్పుడు భయమంతా తర్వాతి మందుల గురించే. జీవితాంతం విటమిన్లు అంటున్నారు. నిజంగా అంత కచ్చితంగా వేసుకోవాలా? జుట్టు రాలుతుందని కూడా చదివాను.

లలిత_పి

ఎండోస్కోపీ చేయించుకున్నావు, నా మనసు కుదుటపడింది. జుట్టు మూడో నెల నుంచి రాలింది నాకు, తర్వాత మళ్లీ వచ్చింది. ప్రొటీన్ మాత్రం తగ్గనివ్వకు. రోజుకు 60 నుంచి 80 గ్రాములు తినమన్నారు నన్ను. మొదట్లో కడుపు పట్టక చాలా కష్టంగా ఉంటుంది.

రాజారావు_బీ

విటమిన్ల దగ్గర మాత్రం రాజీ వద్దమ్మా. ఒంట్లో బి12, ఐరన్ తగ్గుతున్నట్టు చాలాకాలం మనకే తెలియదు. రక్తపరీక్షలు వేళకు చేయించుకుంటూ ఉండాలి. కాళ్లు తిమ్మిర్లు పట్టాక మేలుకుంటే కొన్ని నష్టాలు వెనక్కి రావు.

వసంత_నర్స్

అవునండీ, కచ్చితంగానే వేసుకోవాలి. మల్టీవిటమిన్, బి12, ఐరన్, విటమిన్ డి, క్యాల్షియం. క్యాల్షియం సిట్రేట్ రకం తీసుకోండి, దానికి యాసిడ్‌తో పనిలేదు. రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా విడతలుగా. ఐరన్‌నూ క్యాల్షియాన్నీ కలిపి వేసుకోవద్దు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. వాంతులు ఆగకుండా రెండుమూడు రోజులు అయితే ఫోనులో సలహా అడిగి ఊరుకోకండి, ఆస్పత్రికి వెళ్లండి. థయమిన్, అంటే బి1 విటమిన్, పడిపోతే నరాలకూ మెదడుకూ దెబ్బ తగులుతుంది. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇవ్వమని అడగండి.

బరువు త్వరగా తగ్గుతున్నప్పుడు పిత్తాశయంలో రాళ్లు వస్తుంటాయి. అవి రాకుండా కొన్ని నెలలు మాత్ర ఇస్తారు, మీకూ ఇస్తారేమో అడగండి. పిల్లల ఆలోచన ఉంటే 12 నుంచి 18 నెలలు ఆగాలి, అప్పటిదాకా గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడొద్దు, బైపాస్ తర్వాత అవి సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు. ఇన్సులిన్ డోసు ఆపరేషన్ మర్నాటి నుంచే మారిపోతుంది. పాత డోసు వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి డిశ్చార్జి రోజు కొత్త డోసు కాగితం మీద రాయించుకోండి. మీరు వాడే వేరే మాత్రల్లో నెమ్మదిగా కరిగే రకం ఉంటే వాటిని మామూలు రకానికి మార్చాల్సి రావచ్చు, ఆ లిస్టంతా ఇప్పుడే సర్జన్‌కు చూపించండి.