ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) కన్సల్టెన్సీలో ఉండిపోవాలా, కార్పొరేషన్‌కు మారాలా? బెంగళూరులో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

పినాకిని_నెల్లూరు:

అందరికీ నమస్కారం. విజయవాడలో ప్లానింగ్ చదివాను. నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెన్సీలో చేస్తున్నాను. అపార్ట్‌మెంట్లకు, టౌన్‌షిప్పులకు పర్యావరణ అనుమతి కోసం పెట్టే కాగితాలు తయారు చేయడం నా పని. ఇప్పుడు 2025లో ఏర్పడిన ఐదు కార్పొరేషన్లలో ఒకదానిలో కాంట్రాక్టు మీద ప్లానర్ పోస్టు వచ్చింది. ఇక్కడ జీతం 58,000. అక్కడ 40,000, అదీ ఏడాదికోసారి రెన్యువల్. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నాకు మాత్రం వెళ్లాలనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

పోయిన ఫిబ్రవరిలో సర్జాపూర్ రోడ్డు వైపు ఒక సైటుకు వెళ్లాను. వెనకవైపు నీలగిరి చెట్లు, వాటి అవతల పల్లం. ఎండిన గడ్డి, పాలిథిన్ సంచులు, పగిలిన పైపు ముక్క తప్ప ఏమీ లేవు. అయితే గడ్డి పక్కకు తొలగిస్తే రెండు వైపులా రాతి కట్టు కనబడింది. రాళ్ల మధ్య పాత సున్నం ఇంకా గట్టిగానే ఉంది. మా డ్రైవరు టేపు ఒక కొస పట్టుకున్నాడు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు 6 మీటర్ల 40 సెంటీమీటర్లు. "వానొస్తే ఇక్కడ నడుం లోతు పారుతుంది మేడమ్" అన్నాడు రోడ్డు మీద టీ కొట్టాయన. గ్రామ నక్షలో చూస్తే అదే చోట జంటగీత ఉంది. రాజకాలువ, అంటే వాననీళ్లను చెరువులకు చేర్చే పాత కాలువ.

డ్రాఫ్టులో అలాగే రాశాను: ఉత్తరపు హద్దు వెంట రాజకాలువ, వెడల్పు 6.4 మీటర్లు. ఫైనల్ కాపీ వచ్చేసరికి ఆ వాక్యం "సైటు పరిసరాల్లో ఒక సీజనల్ డ్రెయిన్ కలదు" అయింది. అబద్ధమని అనలేను, అది సీజనల్‌గా పారే కాలువే. కానీ వెడల్పు పోయింది, హద్దు పోయింది. 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం కాలువ మధ్యగీత నుంచి పెద్ద కాలువైతే 50 మీటర్లు, మధ్యరకమైతే 25, చిన్నదైతే 15 వదలాలి. కాలువ ఏ రకమో తేలకపోతే ఎంత వదలాలో ఎలా తేలుతుంది? పైగా బేస్‌లైన్ డేటా (కట్టకముందు సైటు ఎలా ఉందో చూపే కొలతలు) వానాకాలం కాని ఒక సీజన్‌లో తీస్తే చాలంటారు. నీళ్లు ఎక్కడ పారతాయో నీళ్లు లేనప్పుడు వెళ్లి చూసి వస్తున్నాం.

మాది నెల్లూరు. మా పెన్న పుట్టేది ఇక్కడి నందికొండల్లోనే. ఉత్తర పినాకిని మా ఊరికొస్తుంది, బెల్లందూరు, వర్తూరు చెరువుల నీళ్లు దక్షిణ పినాకినిలోకి పోతాయి. అందుకేనేమో, ఈ ఊరి కాలువలు నాకు పరాయివిగా అనిపించవు.

నా ప్రశ్న ఒక్కటే. రిపోర్టు రాయించుకునేదీ బిల్డరే, డబ్బిచ్చేదీ బిల్డరే అయినప్పుడు, ఆ కుర్చీలో కూర్చుని ఊరికి మేలు చేయడం కుదురుతుందా?

---

హూడి_సర్కిల్:

అమ్మా, పదిహేడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బాధ అర్థమైంది, కానీ మారొద్దనే చెప్తాను.

నీ ఒక్క వాక్యం మార్చారు, నిజమే. నువ్వు పెట్టిన మిగతా నలభై వాక్యాలు ఎవరు పెట్టేవాళ్లు? ఒక ప్రాజెక్టులో మూడు బేస్‌మెంట్లు వేస్తామన్నారు. బోరు లాగులు (బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏం తగిలిందో రాసిన రికార్డులు) ముందు పెట్టి, ఏడాది పొడుగునా నీళ్లు తోడుకుంటూ ఉండాలి, ఆ కరెంటు బిల్లు ఫ్లాట్ల వాళ్ల నెత్తిన పడుతుందని లెక్క చూపించాను. రెండుకు దిగారు. గీత గీయకముందే మాట చెప్పగలిగేది మనమే. కార్పొరేషన్ టేబుల్ మీదకు వచ్చేసరికి స్థలం కొనడం, అడ్వాన్సులు తీసుకోవడం, బ్రోచరు ముద్రించడం అన్నీ అయిపోయి ఉంటాయి.

ఇక కార్పొరేషన్ సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్‌లో ఉన్న 18 అంశాల్లో మొదటిదే పట్టణ ప్రణాళిక. అయినా నువ్వు చెప్పిన ఆ 2015 ప్లాన్ గీసింది కార్పొరేషన్ కాదు, బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ). ఆ తర్వాత 2031 కోసం వేసిన ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. 2020 సెప్టెంబరులో పాత బీబీఎంపీ (ఈ ఐదింటికి ముందున్న ఒకే కార్పొరేషన్) కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. కార్పొరేటర్ లేని చోట నువ్వు ఎవరికి జవాబుదారీ? అక్కడ నీ చేతికొచ్చేది ప్లానింగ్ కాదమ్మా, ప్లాన్ శాంక్షన్ ఫైళ్లు, అంటే ఒక్కో బిల్డింగుకు అనుమతిచ్చే కాగితాలు. రెండూ ఒకటి కాదు.

---

నల్లకోటు_కేఆర్‌పురం:

నేను లాయర్ని, ప్లానర్ని కాదు. హూడి అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను.

పెరిఫెరల్ రింగ్ రోడ్డు కేసు ఈ చర్చలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. బెంగళూరు చుట్టూ 65 కిలోమీటర్ల రోడ్డు. 2014లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ అధ్యయనం మళ్లీ చేయమంది. కారణాలు చూడండి: బేస్‌లైన్ డేటా మూడేళ్లు దాటి పాతబడింది. మొదటి ఫారంలో వందల్లో చూపించిన చెట్లు తర్వాత నివేదికలో 16,685 అయ్యాయి. కోర్టు చెట్లు లెక్కపెట్టడానికి వెళ్లలేదు. కాగితంలో ఉన్న అంకెలను ఇంకో కాగితంతో పోల్చి చూసింది, అంతే.

అంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆ అంకె రాసి ఉండబట్టే కేసు నిలబడింది. పినాకిని గారూ, మీ 6.4 మీటర్లు ఫైనల్ కాపీలో ఉండి ఉంటే రేపు ఆ చుట్టుపక్కల వాళ్లకు అదే ఆయుధం అయ్యేది. తీసేశారు కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఇంకో సంగతి, బిల్డింగులకు, టౌన్‌షిప్పులకు 2006 ఈఐఏ నోటిఫికేషన్‌లో బహిరంగ విచారణ అవసరం లేదన్నారు. గని తవ్వుతామంటే ఊరివాళ్లు వచ్చి కలెక్టర్ ముందు మాట్లాడొచ్చు. పక్కన రెండు వేల ఫ్లాట్లు లేస్తున్నాయంటే ఆ టీ కొట్టాయన్ని అడిగేవాళ్లే లేరు. ఆయన మాట కాగితం మీదకు ఎక్కే దారి మీ ఒక్కరి చేతిలోనే ఉంది. అందుకే ఆ కుర్చీ వదలడం గురించి రెండుసార్లు ఆలోచించండి.

---

పినాకిని_నెల్లూరు:

లాయరు గారూ, అక్కడే నాకు గొంతులో అడ్డం పడుతోంది. ఆ దారి నా చేతిలో ఉందంటున్నారు, కానీ చివరి కాపీ నా చేతిలో లేదు. రాసే హక్కు ఉంది, ఉంచే హక్కు లేదు.

---

సీమ_ప్లానింగ్:

అక్కా, నేను ఆంధ్రాలో వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా మూడేళ్లు చేశాను. ఇప్పుడు మారతహళ్లిలో రూము తీసుకుని ఎం.ప్లాన్‌కు చదువుతున్నా. అవతలి వైపు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్తా.

పొద్దున తొమ్మిదికి వార్డులోకి దిగితే నీళ్ల పైపు, కూలిన గోడ, పక్కింటివాడు కిటికీ నా వైపు పెట్టాడు, ఇవే. సెట్‌బ్యాక్ (ఇంటికీ హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ) మీటరు ఉండాల్సిన చోట అడుగున్నర ఉంటుంది. కొలిచి రాస్తే సాయంత్రానికి ఫోన్లు మొదలవుతాయి. మొదటి ఆరు నెలలు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్.

అయినా ఒకటి జరిగింది. మా వార్డులో పాత చెరువు మరవ (అలుగు) నుంచి వచ్చే కాలువ మీద ఎనిమిది కల్వర్టులు. రికార్డులో ఐదే. మిగతా మూడు ఎవరికివాళ్లు కట్టుకున్నవి, పైపు సైజు ఒకటి తొమ్మిది అంగుళాలు, ఒకటి ఏడు. నడిచి, ఫోటో తీసి, లొకేషన్ వేసి, ఒక్కో కల్వర్టుకు ఒక పేజీ చొప్పున నోట్ ఫైల్‌లో పెట్టాను. తేదీ వేసి సంతకం చేశాను. ఎవరూ ఏమీ చేయలేదు. నేను రాజీనామా ఇచ్చి వచ్చేశాను. మొన్న వానలకు నీళ్లు ఇళ్లలోకి వస్తే, నా తర్వాత వచ్చిన అమ్మాయి ఆ ఫైలు తీసి ఇంజనీరు ముందు పెట్టిందట. తొమ్మిదంగుళాల పైపు తీసేశారు. తనే ఫోన్ చేసి చెప్పింది.

నోట్ ఫైల్‌లో పేజీ నంబరు పడ్డాక ఆ పేజీని తీసేయడం ఎవరికీ అంత తేలిక కాదక్కా. మీకు కన్సల్టెన్సీలో లేనిది అదే.

---

ఈఎంఐ_వైట్‌ఫీల్డ్:

మంచి చెడులు పక్కన పెట్టండి. నెలకు 18,000 తక్కువ, ఏడాది కాంట్రాక్టు, చదువుకు తీసుకున్న లోను ఉంటే ఏం చేస్తారు? ఆశయం మీద ఇంటద్దె కట్టలేం. రెగ్యులర్ పోస్టు అయితే వెళ్లండి, కాంట్రాక్టు అయితే వద్దు.

---

హూడి_సర్కిల్:

నేనూ అదే అంటున్నా. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలో చెప్పింది: రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో 12,000 మందికి పైగా ప్లానర్లు కావాలి, మంజూరైన పోస్టులు 3,945, వాటిలోనూ 42 శాతం ఖాళీ. చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగానికి ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదు. ఊరికి ప్లానర్లు అవసరమని నమ్మిన ప్రభుత్వాలు ఇలాగేనా చేసేది? రెగ్యులర్ పోస్టులు నింపకుండా పిల్లల్ని కాంట్రాక్టు మీద తీసుకుని, ఏడాది కాగానే దండం పెట్టి పంపేస్తే, ఆ అమ్మాయి నడిచిన కాలువలన్నీ ఆమెతోపాటే బయటికి పోతాయి. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

---

సీమ_ప్లానింగ్:

అన్నా, ఆ 42 శాతం ఖాళీ అంకెను నేను ఇంకోలా చదువుతా. ఖాళీ కుర్చీ ఉన్నచోట ఫైలు మీద నోట్ రాసేవాడే ఉండడు. వచ్చిన ప్లాను వచ్చినట్టు పోతుంది. ఏడాదే కావచ్చు, ఆ ఏడాదిలో వచ్చిన ఫైళ్లకైనా ఒక చదువుకున్న మనిషి కన్ను పడుతుంది కదా.

---

పాత_బెంగళూరు_తెలుగు:

మేము నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. మా తాతగారిది కోలారు వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. ప్లానింగ్ చదువుకోలేదు, కానీ 2022 సెప్టెంబరు మర్చిపోలేను. అవుటర్ రింగ్ రోడ్డు వైపు మా ఇంటి ముందు నీళ్లు నిలిస్తే మా కోడలు ట్రాక్టరెక్కి ఆఫీసుకు పోయింది. నీళ్లు దిగాక వార్తల్లో అందరూ ఒకటే మాట, రాజకాలువల మీద కట్టడాలు అని. మరి ఆ కట్టడాలన్నిటికీ అనుమతి కాగితాలు లేవా? చాలావాటికి ఉన్నాయి. ఆ కాగితాలు రాసినవాళ్లలో మీలాంటి అమ్మాయి ఒకరు కాలువ వెడల్పు కొలిచి ఉంటారని నాకు ఈ రోజు దాకా తెలియదు. చదివి మనసు కలుక్కుమంది.

మా తాతగారి పల్లెలో నీరుగంటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంత నీళ్లో చూసేది ఆయనే. వాన పడిన రాత్రి గొడుగు కూడా లేకుండా కట్ట మీదకు పరిగెత్తేవాడట. ఆయనకు జీతం ఊరంతా కలిసి గింజల రూపంలో ఇచ్చేది, ఒక్క ఆసామి కాదు. అందుకే ఏ ఆసామి మాటకూ ఆయన తూము తీయలేదు. పినాకిని గారూ, మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు అదే. జీతం తక్కువైనా ఊరు ఇచ్చేది తీసుకోండి.

కన్నడ విషయం భయపడొద్దు. మాట్లాడటం మూడు నెలల్లో వస్తుంది, తెలుగు లిపి వచ్చినవాళ్లకు చదవడం ఇంకా తొందరగా వస్తుంది. ఫైళ్లలో రాసే కన్నడ మాత్రం కొంచెం కష్టం, దానికి మా ఆవిడ సాయం చేస్తుంది. ఆమె టీచరుగా రిటైరయింది.

---

నల్లకోటు_కేఆర్‌పురం:

పెద్దాయన చెప్పినది కాదనలేను. కానీ పినాకిని గారు వెళ్లేలోపు ఒక పని చేయొచ్చు. అనుమతి వచ్చిన ప్రాజెక్టులు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. ఆ సైటుకు అనుమతి వచ్చి ఉంటే, కాలువ గురించి ఏదో ఒక షరతు ఉండే ఉంటుంది. ఆ నివేదిక మీ ఆఫీసే తయారు చేస్తుంటే, అందులో కొలత అడగండి. లిఖితపూర్వకంగా, మెయిల్లో. ఇస్తారా లేదా తర్వాత సంగతి, అడిగినట్టు రికార్డు ఉంటుంది.

---

పినాకిని_నెల్లూరు:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. నీరుగంటి దగ్గరికి వచ్చేసరికి ఆమె "మీ ముత్తాత వాళ్ల ఊళ్లోనూ ఉండేవాడు" అంది. ఇంకా ఒప్పుకోలేదు గానీ, వద్దనడం మానేసింది.

లాయరు గారు చెప్పిన మెయిల్ ఇవాళ పంపాను. ఫోటో, గ్రామ నక్ష ముక్క రెండూ జత చేశాను. హూడి అన్నా, మీరు చెప్పిన బేస్‌మెంట్ సంగతి నాకు చిన్నది కాదు. మీలాంటి సీనియర్ మా టీంలో ఉండి ఉంటే ఈ పోస్టే పెట్టేదాన్ని కాదేమో. కానీ మా దగ్గర లేరు. లోను ఇంకా రెండేళ్లుంది. లెక్క వేసుకున్నాను, రూము మార్చి ఇద్దరితో షేర్ చేసుకుంటే గడుస్తుంది. వెళ్లాలనే అనుకుంటున్నాను. నెలాఖరులోపు జవాబివ్వాలి.

సీమ తమ్ముడూ, కల్వర్టుకో పేజీ అన్నావు కదా, ఆ పేజీలో ఏమేం కాలమ్స్ పెట్టావో ఒకసారి పంపవా?

---

హూడి_సర్కిల్:

నా అభిప్రాయం మారలేదమ్మా. ఏడాది తర్వాత రెన్యువల్ చేయకపోతే నాకు ఫోన్ చెయ్యి. నంబరు మెసేజ్ పెడుతున్నాను.

---

సీమ_ప్లానింగ్:

పంపుతా అక్కా. పైపు లోపలి వ్యాసం, కాలువ అడుగు నుంచి రోడ్డు దాకా ఎత్తు, పై వైపు కింద వైపు ఫోటోలు, చివరి వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లు చూపించిన గుర్తు. ఆ చివరిది మర్చిపోవద్దు, గోడ మీద తడి గీత వేసవి దాకా కనబడుతుంది.

---

పాత_బెంగళూరు_తెలుగు:

ఆ సర్జాపూర్ వైపు కాలువ నాకు చూడాలనుంది. మా నాన్నగారికి ఎనభై నాలుగు. ఆ వైపు చెరువుల పేర్లు, ఏది నిండితే ఏ చెరువులోకి అలుగు పారేదో అన్నీ చెప్తారు. ఈ ఆదివారం వీలవుతుందా?

---

పినాకిని_నెల్లూరు:

తప్పకుండా అంకుల్. ఎండ ఎక్కకముందే, పొద్దున ఏడింటికి. సైటు లోపలికి వెళ్లక్కర్లేదు, టీ కొట్టు పక్క నుంచే గట్టు కనబడుతుంది. తాతగారికి కూర్చోవడానికి స్టూలు, టేపు నేను తెస్తాను.