తెలుగు పెద్దలకి ఒడియాలో మతిమరుపు పరీక్ష: ఈఈజీతో తేల్చవచ్చా?

బరంపురం కోడలు:
మా మామగారికి ఇక్కడి ఒక ఆస్పత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష ఒడియాలో పెట్టారు. ఆయన బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడతారు. కానీ వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటే ఆయన లెక్క నడిచేది తెలుగులోనే. మార్కులు తగ్గాయని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అనుమానం అని రాశారు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదుచేసే ఈఈజీకి భాషతో పనిలేదు కదా! తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి, కళ్లు మూసుకోమంటారు, అంతే. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో మెదడు భాగాల మధ్య సంబంధం సడలుతుందని అందులో తెలుస్తుందంటున్నారు. మన ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ముందు అదే చేయాలని నేనంటాను.

రాయగడ ఈఈజీ టెక్నీషియన్:
నేను ఒప్పుకోనండీ. అల్జీమర్స్‌లో సెకనుకి 8-13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు తగ్గి, 4-8 మధ్య ఉండే థీటా పెరుగుతుంది, నిజమే. కానీ కునుకు పట్టినా ఆల్ఫా పోయి థీటా వస్తుంది. తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చోగానే తూగుతారు. కొన్ని మందులు వాడినా తరంగాలు నెమ్మదిస్తాయి.

భాగాల మధ్య సంబంధం లెక్కగట్టడం ఇంకా చిక్కు. ఒకేచోట పుట్టిన సిగ్నల్ పుర్రె దాటేలోపు పరుచుకుని, పక్కపక్కనున్న ఎలక్ట్రోడ్లన్నిటికీ అందుతుంది. రెండింటిలో ఒకేలాంటి గీత వచ్చిందని, కింద రెండు భాగాలు కలిసి పనిచేస్తున్నాయి అనలేం. 2007లో వచ్చిన ఫేజ్ లాగ్ ఇండెక్స్ అనే కొలత ఇందుకే సరిగ్గా ఒకే క్షణంలో కనిపించే పోలికను వదిలేసి, ఒకటి స్థిరంగా కాస్త వెనకబడి వచ్చేదాన్నే లెక్కిస్తుంది. కొలత మారిస్తే ఫలితమూ మారుతుంది. రోగుల గుంపుకీ ఆరోగ్యవంతుల గుంపుకీ సగటున తేడా కనిపిస్తుంది గానీ, ఒక్క మనిషి మీద తీర్పు చెప్పడానికి అది చాలదు.

పర్లాకిమిడి మాస్టారు:
అలాగని తీసిపారేయకండి. లూయీ బాడీ డిమెన్షియా అని ఇంకో రకం ఉంది. దాన్ని గుర్తించే 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో, ఈఈజీలో తల వెనకభాగంలో నెమ్మదించిన తరంగాలను సహాయక గుర్తుగా చేర్చారు. ఇంకో మాట. హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. ఇక్కడ ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మన మెదడు రికార్డింగులను పోల్చాల్సింది మనలాంటివాళ్లతోనే. ఆ పరిశోధన ఇక్కడే జరగాలి. ఈలోగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఐదు భాషల్లో చేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో తెలుగు ఉంది, దాన్ని అడగండి.

బరంపురం కోడలు:
తెలుగులో ఆ పరీక్ష పెట్టేవాళ్లు ఇక్కడ దొరకొద్దా మాస్టారూ? ఏడాదికోసారి ఈఈజీ తీసి, ఆయన పాత రికార్డుతోనే పోల్చుకోవచ్చు కదా?

రాయగడ ఈఈజీ టెక్నీషియన్:
ఆ ఆలోచన నాకూ నచ్చిందండీ. అయితే బాగా నిద్రపోయిన మర్నాడు, ప్రతిసారీ అదే వేళకి తీయించండి, మందుల చీటీ తేండి. దానికంటే ముందు విటమిన్ బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. బీ12 లోపం, థైరాయిడ్ తేడాల వల్ల వచ్చే మతిమరుపుకి వైద్యం ఉంది.