అప్‌డేట్: బీన్స్ వేపుడు పచ్చగానే వచ్చింది

బీన్స్ వేపుడు స్టవ్ మీద చేస్తే రంగు మారి మెత్తబడుతోంది, ముక్క పచ్చగా ఉండాలంటే ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బాగా పని చేసింది మాత్రం మూత పెట్టొద్దన్న అక్క మాటే.

మెహదీపట్నం రైతు బజార్‌లో, వంచితే టక్కున విరిగే లేత బీన్స్ పావుకిలో తీసుకున్నాను. ఈనెలు తీసి, సన్నగా తరిగి, మరిగే ఉప్పునీళ్లలో మూత లేకుండా మూడు నాలుగు నిమిషాలు ఉంచి వార్చేశాను. ఉడికేటప్పుడు కాయలోంచి ఆమ్లాలు బయటికొస్తాయి. మూత పెడితే అవి ఆవిరితో పోకుండా గిన్నెలోనే ఉండి, పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తీసేస్తాయి, అప్పుడు రంగు మసకబారుతుంది. నిమ్మరసం స్టవ్ ఆపాకే పిండమనేదీ ఇందుకే.

ఆ తర్వాత వెడల్పు మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. బీన్స్ వేసి పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు తిప్పితే చాలు. దించే ముందు వేయించిన నువ్వుల పొడి. కొబ్బరి కూడా బాగుంటుంది గానీ, మా ఇంట్లో ఓటు నువ్వులకే.

చిటికెడు వంటసోడా వేయమన్న సలహా మాత్రం నాకు నచ్చలేదు. రంగు అదిరిపోతుంది, ముక్క జావైపోతుంది.

గోరుచిక్కుడుకూ ఇలాగే చేయొచ్చా అని ఒకరు అడిగారు. దానికి పీచెక్కువ, మూడు నిమిషాలు సరిపోవు. ముందు బాగా ఉడికించి, అప్పుడు పోపులో వేయండి.