అమ్మ కీమోకు పైసలెట్ల? ఎరుకున్నోళ్లు చెప్పున్రి

మాది నర్సంపేట దిక్కు పల్లె. అమ్మకు రొమ్ము కాన్సర్. హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానల పరీక్షలకే 70 వేలైనయ్. ఎనుమాములల మిర్చి అమ్మిన పైసలన్నీ అండ్లనే పోయినయ్. నిన్న అమ్మ పుస్తెలతాడు తీసి నా చేతిల పెట్టి, మెడల పసుపుకొమ్ము కట్టుకుంది. కుదువ పెట్ట బుద్ధైతలేదు.

జవాబు: పెట్టకు తమ్మీ. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు. కీమో, రేడియేషన్ అండ్లనే. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు పట్టుకొని దవాఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను కలువు, కౌంటర్ల పైసలు కట్టకముందే. మా బాపును హైదరాబాద్ ఎంఎన్‌జేకు తీస్కపోయిన, సర్కారు కాన్సర్ దవాఖాన. పొద్దంత పడుతది, సద్దిగిన్నె కట్టుకపోన్రి.

జవాబు: కట్టిన బిల్లులు పారేయకు. సీఎం సహాయనిధి దరఖాస్తుకు ఒరిజినల్సే అడుగుతరు. ఎమ్మెల్యే ఆఫీసుల ఇయ్యాలె.

జవాబు: రైల్ల పోన్రి. చికిత్సకు పోయే కాన్సర్ పేషెంటుకు స్లీపర్ల టికెట్ పైసలుండయ్, తోడుపోయేటోళ్లకు 75 శాతం తగ్గిస్తరు. దవాఖాన సర్టిఫికెట్ కావాలె.

అడిగినాయన: అక్కా, పుస్తెలతాడు మళ్ల అమ్మ మెడలేసిన. సోమారం పోతున్నం. సద్దిగిన్నె యాదికుంది.