గొడుగు విప్పని ఈ పుట్టగొడుగు ఏ జాతి?

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మొన్నటి వానలకు మామిడితోట గట్టున చెదపుట్ట మీద జానెడెత్తు తెల్లటి పుట్టగొడుగులు నిటారుగా లేచాయి. టోపీ కోడిగుడ్డులా పొడుగ్గా ఉంది, పైన పెచ్చులు లేచాయి. గొడుగు మాత్రం విప్పనే లేదు, అలాగే ఎండిపోయింది. కాడ గట్టిగా, పీచుపీచుగా ఉంది. చాకుతో నిలువునా కోసి చూస్తే ఆ కాడ టోపీ కొసదాకా పోయింది. టోపీ అడుగున రేకుల్లా ఉండే మొప్పల జాడే లేదు, లోపలంతా ముదురు గోధుమరంగు పొడి. వేళ్లకు అంటితే ఓ పట్టాన వదల్లేదు!

మేం కూర వండుకునే పుట్టగొడుగు, అంటే టెర్మిటోమైసిస్, ఇది కాదు. దానికి గొడుగు విచ్చుకుంటుంది, కాడ వేరులాగా పుట్టలోకి దిగుతుంది. ఇలాగే పొడుగు టోపీ ఉండే కోప్రినస్ కోమాటస్ అనే పుట్టగొడుగు అయితే ముదిరాక నల్లటి సిరాగా కరిగిపోవాలి. నా అనుమానం పొడాక్సిస్ పిస్టిల్లారిస్ మీద. జీవుల వర్గీకరణ చేసిన లిన్నేయస్ 1771లో దీన్ని లైకోపెర్డాన్ అనే, బంతిలా ఉండి లోపల పొడి నిండే పుట్టగొడుగుల ప్రజాతిలో చేర్చాడు.

చెదపుట్ట మీద మొలిచేదీ, మామూలు నేలలో మొలిచేదీ ఒకే జాతేనా? కాలేజీలో మైక్రోస్కోప్ దొరుకుతుంది. ఆ పొడిలోని సిద్ధబీజాల్లో (స్పోర్లు) ఏం కొలవాలి, గోడ మందమా, సైజా? ఎండిన నమూనాలు కాగితం కవర్లో దాచాను. తినొచ్చా అనే చర్చ మాత్రం వద్దండీ, ఆ ఉద్దేశమే లేదు. తిరుపతి, తలకోన వైపు ఎవరైనా చూసుంటే ఏ నెలలో, ఎలాంటి నేలలోనో చెప్పండి.