ఇత్తడి గిన్నె స్పిన్నింగ్: మధ్యలో కాల్చాలా, వద్దా?

లేతుపని: లేతు మీద తిరిగే రేకును రోలర్‌తో అచ్చు మీదికి ఒత్తి (స్పిన్నింగ్) గిన్నె చేస్తున్నాను. 70-30 ఇత్తడి (70 శాతం రాగి, 30 శాతం జింకు), 1 మి.మీ. రేకు, 300 మి.మీ. సర్కిల్. ఫర్మా (అచ్చు) వ్యాసం 180, లోతు 80 రావాలి. 50 దగ్గరే అంచు చీలుతోంది. పని మధ్యలో లేతు నుంచి దింపి, కాల్చి మెత్తబరచాలని కొందరు, అక్కర్లేదని కొందరు. మీరేమంటారు?

కొలిమి: కాల్చాల్సిందే. రోలర్ తగిలిన కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, అల్యూమినియంలా ఓర్చుకోదు. లోతు 40కి రాగానే దింపి, కొవ్వు తుడిచి, 550–600 డిగ్రీలకు వేడి చేయండి. ఎండలో ఎర్రబడటం కనపడదు, నీడలో మసక ఎరుపు తేలగానే మంట తీసేయాలి. నీళ్లలో ముంచినా గట్టిపడదు. పైన పట్టిన నల్లపొరను పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో పోగొట్టండి (యాసిడ్‌నే నీళ్లలో పోయాలి), లేకపోతే రోలర్ కింద గీతలు పడతాయి.

రోలర్‌పట్టు: కొలిమి గారూ, తప్పు గట్టిదనానిదేనని ముందే తేల్చేశారు. కత్తెరతో కోసిన అంచున బర్ (కోతకు లేచిన గరుకు) మిగులుతుంది, చీలిక అక్కడే పుడుతుంది. ముందు ఆకురాయితో నునుపు చేయండి. రెండోది, ఎప్పుడూ లోపల్నుంచి అంచుకే లాగితే రేకు పలచబడుతుంది. అంచు నుంచి లోపలికి తిరుగు పాస్‌లూ ఇవ్వాలి. ముడత లేస్తుంటే వెనక కర్ర ఆనించండి. ముడతను రోలర్‌తో అణిచేస్తే రేకు అటూ ఇటూ వంగి అక్కడే తెగుతుంది. పైగా అతిగా కాల్చితే లోహపు రేణువులు పెరిగి పైభాగం నారింజ తొక్కలా తేలుతుంది, పాలిష్ పట్టదు.

కొలిమి: బర్ మాట నిజమే. కానీ 300 నుంచి 180 అంటే అంచు చుట్టుకొలత 40 శాతం కుంచించుకోవాలి. ఒక్క ఊపులో అంత అడగడం ఇత్తడికి భారం. నారింజ తొక్క 700 డిగ్రీలు దాటించినవాళ్ల తప్పు.

మట్టం: ఇద్దరూ మధ్య గురించే మాట్లాడుతున్నారు. చివర సంగతి? అంచులో బిగువు మిగిలిపోతే అమ్మోనియా తగిలిన ఇత్తడి నెలల తర్వాత కూడా దానంతటదే పగులుతుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల దగ్గర దాచిన తూటా గొట్టాలు అలాగే పగిలాయి. కారణం అమ్మోనియా అని 1921లో తేల్చారు. పూర్తయ్యాక 250–300 డిగ్రీల్లో గంటసేపు ఉంచితే బిగువు చాలావరకు పోతుంది, గట్టిదనం మాత్రం పెద్దగా తగ్గదు.

రోలర్‌పట్టు: చివరి వేడికి నేనూ సరే. మధ్యలో కాల్చడం మాత్రం చీలిక చూశాకే. చుట్టూ ఒకే లోతులో చాలా చోట్ల చీలితే గట్టిదనం, కొలిమి గారిదే రైటు. ఒకటి రెండు చోట్లే అయితే బర్.

లేతుపని: చీలికలు రెండే. రెండూ కత్తెర కోత మొదలై ముగిసిన చోటే ఉన్నాయి.